తిరగబడ్డ లెక్క

షార్జాల నా పని షట్టరింగు.
వీసా మీద కార్పెంటర్ అని ఉంటది గని
కుర్చి చెయ్య, తలుపు చెయ్య.
కాంక్రీటు తనంతట తాను నిలవడేదాంక
పట్టుకొనే పెట్టె చేస్త.
గట్టివడ్డంక నేనే ఊడవెరుకుత.
పదకొండేండ్ల సంది కొట్టిన చెక్క
ఒక్కటి గూడ ఏ బిల్డింగుల లేదు.

మొన్న పన్నెండున్నర బ్రేకుల,
సుత్తె ముట్టరాకుంట కాలుతుంటే,
ప్లైవుడ్డు లోపటి దిక్కు పెన్సిలుతోని రాసుకున్న:
ఏజెంటు రాజలింగుకు ముప్పై ఎనిమిది వేలు,
మిత్తి వేరే.
మెస్సు బాకి నూటిరవై దిర్హాలు.
పన్ను పీకిచ్చుకున్నందుకు ఎనభై.
తుడుద్దామనేవరకే విజిలు.
నూనె పూసిన్రు, చెక్క నిలవెట్టిన్రు,
పంపొచ్చింది, పోసిన్రు.

రెండొద్దులకు విప్పి చూస్తే
ఇరవై రెండో అంతస్తు పిల్లరు మీద నా అప్పు,
అద్దంల వడ్డట్టు,
కుడి నుంచి ఎడమకు, అరబ్బీ రాతోలె.

ప్లాస్టరు కొట్టే షఫీకుల్ అడిగిండు
ఏ క్యా హై భాయ్ అని.
లెవల్, అన్న.
తలూపి తాపీ ఎత్తిండు.
మిత్తి కాడికొచ్చినంక ఎందుకో ఆగి
బొటనేలుతోని ఒక్కసారి తడిమిండు.
తెలుగు రాదాయనకు.

ఇగ ఆ ఇంట్ల ఎవరుంటరో.
ఫోటోకు మొల కొట్టేటప్పుడు
జర పక్కకు కొట్టున్రి సార్,
రాజలింగు గాడ్నే ఉన్నడు.