పది రూపాయల ఐసు

రేపు గుంటూరు మీద ఫైనలు.
సత్యనారాయణపురం రైల్వే గ్రౌండు గోడకి
నా చెరుకురసం బండి ఆనించి పదకొండేళ్లు.
ఇంత గొడవ ఎప్పుడూ వినలేదు.

"దావీదే ఆడాలి" అంటాడు
రిటైర్డు గార్డు పానకాలరావు
ఇంకా చేతిలో పచ్చజెండా ఉన్నట్టే ఊపుతూ.
"వాడు బంతి వెంట పడడయ్యా.
అదెక్కడ దిగుద్దో అక్కడికి ముందే పోయి నిలబడతాడు."

"నిలబడే ఉంటాడు, రైలెళ్లిపోద్ది"
నురగ తక్కువ పొయ్యమంటూ ఆటో కోటిలింగం.
"సుభానీని దించండి. పంతొమ్మిదేళ్లు.
గుంటూరు బ్యాకులిద్దరికీ బొజ్జలు.
వీడు సందులోంచి దూరితే
వాళ్లు వెనక్కి తిరిగేసరికి తెల్లారిపోద్ది."

"దూరి?
సెమీస్‌లో ఎదురుగా గోలీ ఒక్కడే ఉంటే
ఏలూరు కాలవలోకి కొట్టలా?"

"ఆ బంతి మా చిన్నాడే ఈదుకెళ్లి తెచ్చాడు"
పునుగుల వాయి తీస్తూ నాంచారమ్మ.
"కుర్రాడు కాలవలోకి కొడితే కొట్టాడు, కొట్టేదాకా పోయాడు గదా.
దావీదు ఈ ఏడు పరిగెత్తగా
చూసినోళ్లెవరో చెయ్యెత్తండి."

గూడ్సు ఒకటి దాటిపోయిందాకా ఎవరూ మాట్లాడలేదు.
యాభై ఎనిమిది వ్యాగన్లు.
పానకాలరావు లెక్కపెట్టాడు, అలవాటు.

తర్వాత నా నిమ్మచెక్కలు లాక్కుని
బల్ల మీద జట్టు పేర్చారు.
గోల్లో ఒకటి, వెనక నాలుగు, అన్నీ ఒప్పుకున్నారు.
తొమ్మిదో నంబరు చోటే
ఒకాయన పిండేసిన చెక్క పెడతాడు
ఇంకొకాయన తీసేసి పిండని చెక్క పెడతాడు.
పెట్టి, తీసి, పెట్టి
బల్లంతా జిగురు.

"నువ్వు చెప్పు శేషూ,
రోజూ చూస్తుంటావుగా."

నేను చూసేది ప్రాక్టీసు కాదు.
రాత్రి పదిన్నరకి, జనం పల్చబడ్డాక
గోడవారగా దావీదు వస్తాడు.
"పది రూపాయల ఐసు."
రంపపుపొట్టు దులిపి ఇస్తాను.
తువ్వాల్లో చుట్టి మోకాలికి కట్టుకుని
నా స్టూలు మీద కూచుని
కళ్లు మూసుకుంటాడు, పళ్లు కనిపిస్తాయి.
సెమీస్ రాత్రి ఆ మోకాలు చూశాను,
దాని మీద చర్మం వేరే ఎవరిదో
అరువు తెచ్చి లాగి కుట్టినట్టుంది.

ఎవరికీ చెప్పొద్దని ఒక్కసారీ అనలేదు.
అన్నట్టయితే చెప్పేసేవాణ్ణేమో.

ఒక గడ తీసి మిషన్లో పెట్టాను.
మడిచి రెండోసారి. అల్లం కుక్కి మూడోసారి.
మూడోసారికీ రసం వస్తుంది, నిజమే.
నాలుగోసారి పెడితే పిప్పికి ఏమీ కాదు,
మిషనే మూలుగుతుంది.
చక్రం గట్టిగా తిప్పాను.
గజ్జెల మోతలో ఎవరికి కావాల్సిన జవాబు
వాళ్లకి వినపడినట్టుంది,
పానకాలరావు తలూపాడు, కోటిలింగమూ తలూపాడు.

పదిన్నరయింది. దావీదు రాలేదు.
పదకొండు. గోనెపట్టా కింద దిమ్మ
కరిగి కరిగి ఇటికంత మిగిలింది.

సైకిలు బ్రేకు. సుభానీ.
"అన్నా, పది రూపాయల ఐసు."

"దెబ్బ తగిలిందా?"

"నాకు కాదు."

కాసేపు ఆ ఇటికని ఇద్దరం చూశాం.
కోచ్‌తో ఒక్క మాటంటే చాలు,
రేపటి తొమ్మిదో నంబరు చొక్కా
ఇస్త్రీతో సహా వీడి ఇంటికొస్తుంది.

"ఎవరితోనూ అన్లేదుగా అన్నా?"
"లేదు. నువ్వు?"
వాడు సైకిలు గంట గోటితో గీకుతున్నాడు.
"మెట్లు దిగలేకపోతున్నాడు.
తెల్లారేసరికి తగ్గుద్దంటన్నాడు."

మొత్తం ఐసు కట్టేశాను.
ఒక కవరు రసం కూడా, అల్లం ఎక్కువేసి.
డబ్బులొద్దంటే
"రేపు గెలిస్తే తీసుకోబాక" అని
నోటు నిమ్మచెక్కల మధ్య పెట్టి తొక్కుకుంటూ పోయాడు.

ఎవరు కొడితే గెలుస్తామని అడగబోయి
ఊరుకున్నాను.
రోడ్డు మీద నీటిచుక్కల గీత
క్వార్టర్సు మలుపు దాకా కనిపించింది.