నూట పదిహేడు

ఖాసిం బిడ్డ మెహజబీన్ మళ్లొచ్చింది మా మందకాడికి.
ఈసారి సూది తీస్కరాలే.
ఇటుకంత మందం బుక్కు తెచ్చింది,
నల్ల అట్ట మీద బంగారు రంగు అచ్చరాలు.
"అయిపోయింది బీరమ్మా, ఇంక నన్ను డాక్టరనాలె"
అని నవ్వింది.
నా నడుముకు గోలీ రాయవే అంటే
మందు రాసే డాక్టరు కాదంట.

మా పొట్టేళ్లను మక్తల్ సంతల బేరం జేసినోని బిడ్డ.
ఖాసిం గొర్రె వెన్ను మీద చెయ్యేసి
ఎన్ని కిలోలు తెగుతదో చెప్పెటోడు,
పావు కిలో తప్పకపొయ్యేది.
ఆ చెయ్యే మూడేండ్లు, పొద్దుగూకంగనే
జరమొచ్చి వణికింది.
మలేరియా అన్నరు, టైఫాయిడ్ అన్నరు,
దర్గకాడ తాయెత్తు కట్టిన్రు.
కత్తి లేవక కొట్టు మూసిన్నాడు
ఈ పిల్ల పదో తరగతి.

రెండేండ్ల కింద ఎండకాలం
కృష్ణ ఒడ్డున మేం మంద దించినప్పుడు
ఐసుపెట్టె బుజానేసుకొని దిగింది.
గొర్లకాపరులం అందరం వరసగ చేతులు చాపినం.
మా ఆయన ఒక్కడే
"నెత్తురు అమ్ముకుంటదేమో" అని
అంత ఎండల గొంగడి కప్పుకొని పండుకున్నడు.
సీసా మీద నా పేరు రాయలే, 117 అని రాసింది.
పేరు రాయొద్దని రూలంట.

ఇప్పుడు పుల్లతోని మట్టిల గీసి చూపెడుతుంది.
ముండ్లకంప నెట్టే పంగలకట్టె లెక్కుంటదంట
యాంటీబాడీ.
ఏ రోగం కట్టె ఆ రోగాన్నే పడుతది,
ఇంకో కంప దాని పంగల ఇమడదు.
జరం పోయినంక కూడ
కట్టె నెత్తుర్ల తిరుగుతనే ఉంటదంట, కొన్నేండ్లు.

పట్నంల, ల్యాబుల, ఓనగుంతల పీట లాంటిది ఉంటదంట,
ప్లాస్టిక్‌ది, తొంబై ఆరు గుంతలు.
చింతగింజలకు బదులు మా నెత్తురు తేట.
రాత్రి రెండింటిదాక ఒక్కతే ఆడేదంట ఆ ఆట.
కట్టె ఉన్నోళ్ల గుంత ముందు నీలమైతది,
సుక్క ఆసిడ్ ఏస్తే పసుపైతది.
నాది?
"చిక్కటి పసుపు" అన్నది.

గొర్లు ఈసుకపోయే రోగమంట అది.
పచ్చిపాలల్ల ఉంటది, మాయల ఉంటది,
ఒట్టి చేతులతోని మాయ లాగుతం గద
అట్ల ఎక్కుతదంట మనుషులకు.
జరమొస్తది, కీళ్లు పట్టుకుంటయి,
కడుపుతోనున్న ఆడిదానికైతే...
అని ఆగింది.

నేను పొయ్యిల కట్టె ఎగేసిన.

ఆ ఏడు పన్నెండు గొర్లు ఈసుకపోయినయి.
పదమూడోది నేను.
ఐదో నెల.
అమాసనాడు వాగు దాటింది, గాలి సోకింది
అన్నది మా అత్త,
సచ్చేదాంక అదే మాట.

"అది ఇదేనా బిడ్డా?"

బుక్కు మూసింది. శానసేపు మట్టిల గీత దిక్కే చూసింది.
"చెప్పలేను బీరమ్మా.
ఈ పసుపు అప్పటిదో మొన్నటిదో
నా పరీక్షకు తెల్వదు. నేను రాయలే."

అవునంటే ఏంబొయ్యేది దానికి?
నేను మా అత్త ఫోటో ముందల నిలబడి
ఒక్కమాట అడుగుదు.
అనలే.
తూకంల వాళ్ల నాయినే.

పోయేముందు ఒక పేజీ తీసి వేలు పెట్టి చూపిచ్చింది.
నాకు చదువు రాదు,
నా నంబరు తెలుసు, కూడిక గుర్తు తెలుసు.
117 పక్కన చిన్న కూడిక.
దేన్ల ఏం కలిపిన్రో.

తొడుగుల డబ్బా ఇచ్చిపోయింది, నూరు ఉన్నయంట.
రాత్రి చెవుల గొర్రె ఈనింది.
తొడిగి చూసిన, నీళ్లసంచిల చెయ్యి పెట్టినట్టుంది,
జారుతది, గొర్రె వెచ్చదనం సరిగ తెల్వదు.
మా ఆయన లాంతరు పట్టుకొని నవ్విండు.

నవ్వితే నవ్వనీ.
ఇంకో జత తీసి ఆయన చేతుల పెట్టిన.