పొలుసు

కిసుములో, సరస్సు ఒడ్డున,
చేపల ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర
తెల్లారకముందే బేసిన్ పట్టుకొని నిలబడతాను.
ముందు గేటు నుంచి కండ వెళ్ళిపోతుంది
మంచు పెట్టెల్లో పడుకొని, విమానాలెక్కి,
నేనెరగని ఊళ్ళలో ఎవరి పళ్ళేల మీదికో.
వెనక గేటు నుంచి మాకు వచ్చేది
తల, తోక, నడుమ ఒక వెన్నుముల్లు.
మ్గోంగో వాజి అంటాం దాన్ని.
బట్టలేని వీపు అని.

నన్నూ అలాగే పిలిచేవాళ్ళు లెండి, చాటుగా.

పద్దెనిమిదో ఏట నా ఓలి ఆరు ఆవులు.
మా నాన్న కొమ్ములు తడిమి, పళ్ళు చూసి,
ఒకటి కుంటిదని పేచీ పెట్టి మరీ ఒప్పుకున్నాడు.
ఐదేళ్ళు తిరక్కుండానే వాళ్ళొచ్చి
నన్ను దింపేసి ఆవుల్ని తోలుకుపోయారు.
కుంటిదాన్ని కూడా వదల్లేదు.

అప్పట్నుంచీ నాకు లెక్కలు బాగా వచ్చు.
దేవుడి దగ్గరా ఒక తక్కెడ ఉంటుందనీ,
నా వంతు వచ్చేసరికి
ఆయన మొహమాటపడి పక్కకు చూస్తాడనీ అనుకునేదాన్ని.
అందుకే గుడిలో చివరి బల్ల, తలుపు పక్కన.
నా వాసన గాలికి పోతుందని.

ఆ పవిత్ర గురువారం
కాళ్ళు కడిగించుకోవడానికి పన్నెండు మంది కావాలి.
ఒక ముసలాయనకి జ్వరం, పదకొండు మందే వచ్చారు.
ఫాదర్ ఒమొలో చూపు బల్లలన్నీ దాటుకుంటూ
నా దాకా వచ్చి ఆగింది.
"అపొండీ, నువ్వు రామ్మా."

రబ్బరు బూట్లు తీయనన్నాను.
"వద్దు ఫాదర్, పొద్దున్నుంచీ చేపల్లోనే ఉన్నాను."
"మంచిదేగా," అన్నాడు, మోకాళ్ళు పటపటమనగా వంగుతూ,
"ఆయన స్నేహితులూ అంతే."

నీళ్ళు చల్లగా ఉన్నాయి.
పగిలిన నా మడమని
పసిబిడ్డ తలని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటే పొలుసులు ఊడి
నీళ్ళ మీద తేలాయి, అందరూ చూస్తుండగా.
ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.
నిజం చెప్పొద్దూ, ఏమీ అనిపించలేదు.
తువ్వాలు గరుకుగా ఉంది, అంతే.

తర్వాత జరిగింది అది.
ఫాదర్ రొట్టెను పైకెత్తినప్పుడు
ఆయన బొటనవేలి మీద ఏదో మెరిసింది.
చిటికెనవేలి గోరంత.
నా పొలుసు.
తుడుచుకోవడం మరిచాడో, తుడుచుకోలేదో,
ఇప్పటికీ నేను అడగలేదు.
కొవ్వొత్తి వెలుగులో, రొట్టెను ఆనుకొని,
తన చోటు అదేనన్నట్టు కూచుంది.
గుడి మొత్తం తల వంచింది.
నేనొక్కదాన్నే తలెత్తి చూస్తున్నాను.

అయ్యా,
నీ చేతికి నేను అంటుకున్నానా,
నువ్వే నన్ను విదిలించలేదా?
నా పళ్ళు చూడలేదు నువ్వు.
కుంటిదాన్నని పేచీ పెట్టలేదు.
వెల ఇచ్చినవాడి అరచేతులు
గోడ మీద, చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను.
అది నా లెక్క అని నాకెవరూ చెప్పలేదు.
చెప్పే ఉంటారు.
చివరి బల్ల దాకా వినపడి ఉండదు.

శనివారం పొద్దున మళ్ళీ వెనక గేటు.
అదే బేసిన్, అదే వాసన, అవే ఈగలు.
నూనె కాగింది, ముళ్ళు చిటపటలాడాయి.
ఇటుకల పనివాడొకడు వచ్చి,
"ఎముకలకి ఇంత ధరా?" అన్నాడు.
ఎప్పుడైతే ఇరవై తగ్గించి,
పైగా నేనే ఏమీ అనుకోవద్దనేదాన్ని.
"ముల్లుని వదలని కండకే అన్నా రుచి," అన్నాను,
"తిని చూసి మాట్లాడు."

తిన్నాడు. వేళ్ళు నాక్కున్నాడు. ఇంకొకటి అడిగాడు.
ధర తగ్గించలేదు.

చిల్లర లేదన్నాడు ఆఖరికి.
రేపివ్వు, అన్నాను.
రేపు పండగ.