గురువారం లోపు

నెస్టా అత్త గొంతు జీరపోయి ఐదు నెలలు.
చలికి అనుకున్నాం. తర్వాత ఎండుగడ్డి దుమ్ముకు అనుకున్నాం.
ఆవిడ ఏమీ అనుకోలేదు.
పొగమంచులో కొండమీద కుక్కను పిలిస్తే
రెండోసారికి గానీ రాలేదని మాత్రం
ఒకసారి నాతో అంది,
తప్పు కుక్కదే అన్నట్టు.

బాంగర్ ఆసుపత్రిలో డాక్టర్ ఎఫియోంగ్
కాగితం మీద గొంతు బొమ్మ గీసి
చిక్కుడు గింజంత మచ్చ పెట్టింది.
"ఇక్కడ. పక్కకు కూడా పాకింది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటాం తేలిగ్గా.
ఆమె రెండింట్లోకీ తాడు వదిలి
లోతు కొలిచి చెప్పింది.

స్వరపేటిక మొత్తం తీసేస్తే
మెడ కింద ఒక రంధ్రం, ఊపిరి ఇక అక్కణ్ణించే.
ఇప్పుడున్న మాట పోతుంది.
బుల్లి కవాటం పెడతారు, కొత్త మాట నేర్చుకోవాలి.
వాసనలు చాలావరకు తెలియవు.
"ఈలో?" అంది అత్త.
"నోట్లోంచి గాలి రాదు కదమ్మా."
లోహపు ఈల వేలాడే తాడును
అత్త కోటు లోపలికి తోసేసుకుంది.

రేడియేషన్ అయితే ఏడు వారాలు, వారానికి ఐదు రోజులు.
ముఖానికి అచ్చుపోసిన వల తొడిగి బల్లకు బిగిస్తారు.
గొంతు మిగలొచ్చు. నోరు పిడచకట్టుకుపోతుంది,
మంచినీళ్ళు కూడా ముళ్ళలా దిగుతాయి.
జబ్బు తిరగబెడితే అప్పుడు కోయాలి,
అప్పటి గాయం మానడం ఇంతకంటే కష్టం.

మూడోది అత్తే అడిగింది.
"ఏమీ చేయకపోతే?"
డాక్టరు కలానికి మూత పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని
అదీ చెప్పింది, చూపు తిప్పకుండా.

నేను అంకెలు రాసుకుంటున్నాను:
నూటికి ఇందరు, ఐదేళ్ళకి ఇందరు.
అత్త అడిగింది ఒక్క అంకె:
"ఏప్రిల్లో గొర్రెలు ఈనతాయి. అప్పటికి లేచి తిరుగుతానా?"
గురువారం లోపు ఫోన్ చేసి చెప్పమన్నారు.

తిరుగుదారిలో గంటన్నర, వాన.
"ఆ నూరుమందిలో నేను ఎన్నోదాన్ని, ఐవో?"
నా గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.
గొంతు జబ్బు ఆవిడది, మాట రానిది నాకు.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
రెండు నిలువు గీతలు గీసి లాభం నష్టం రాశాను.
పొద్దున చూస్తే నా కాగితం
బల్ల ఊగకుండా కాలు కింద మడత పెట్టి ఉంది.

ఆదివారం నుంచి అత్త నోరు మూసుకుంది.
టీ కావాలంటే కప్పు చూపించడం,
తలుపు వేయమంటే కాలితో తట్టడం.
ఉన్న గొంతును దాచుకుంటోందనుకున్నాను.
రేడియేషనే, అని నిశ్చయించుకుని
ఎవరెవరు ఏ రోజు కారు తోలాలో
పెదనాన్న పిల్లలందరికీ వంతులు కూడా వేశాను.

బుధవారం పేడ తట్ట దింపుతూ చూశాను.
దిగువ పొలంలో అత్త,
ఎర్ర తువాలు చేతికి చుట్టుకుని.
చెయ్యి ఎత్తింది. జెట్ కుడికి పరిగెత్తింది.
రెండుసార్లు చరిచింది. అది ఆగింది,
ఆగి, అయోమయంగా ఆమె నోటికేసి చూసింది.
మళ్ళీ చెయ్యి. మళ్ళీ చప్పట్లు.
గొర్రెలు మూడు ముక్కలై చెదిరిపోయాయి.
ఒకటి కంచెలో ఇరుక్కుంది.
పొద్దు వాలేదాకా ఆడిందే ఆట,
ఒక్క గొర్రె కూడా దొడ్లోకి చేరలేదు.
అత్త బురదలో కూర్చుని నవ్వుతోంది, చప్పుడు లేకుండా.

నా వంతుల జాబితా జేబులోనే నలిపేశాను.

గురువారం ఫోన్ తీసి "నన్ను చెప్పమంటావా" అన్నాను.
చెయ్యి చాపి లాక్కుంది.
"ఉండగానే వాడుకోనీ," అంది
నాలుగు రోజుల తర్వాత మొదటి మాటగా.
గులకరాళ్ళ మీద బండి చక్రం తిరిగినట్టుంది ఆ గొంతు.

"నెస్టా ప్రిథర్క్‌ను. కోసేయండి."

పొయ్యి పక్కన పడుకున్న జెట్
అది విని లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది,
ఎటు పోవాలో చెప్పమని.