అరువు శుక్రవారం

మాలకొండ స్వామి తలుపు తీసేది
వారానికి ఒక్కరోజే, శనివారం.
కందుకూరు ఆసుపత్రిలో
మా పెంచలమ్మత్తకి మిషను దొరికేది
మంగళవారం, శనివారం.
కొండ మీదే తాళి కట్టిస్తానని
మాల్యాద్రి వాళ్ళమ్మ ఎప్పుడో మొక్కేసుకుంది.
"దేవుణ్ణి మారమందామా మే, మంచాన్ని మారమందామా?"
అత్త నవ్వింది.
నవ్వితే దాహమేస్తుంది. ఆపేసింది.

రోజుకి అర లీటరు ఆమె వాటా.
మాత్రలకి పోను మిగిలేది
ఒక టీ, ఓ ఐసు ముక్క.
ఆ ముక్కని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ
బస్సు ఉలవపాడు దాటిందాకా కాపాడుకుంటుంది.

నాది చాకిచెర్ల హేచరీలో రాత్రి డ్యూటీ.
బీకరుని ట్యూబులైటుకి ఎత్తిపట్టి
కనురెప్ప వెంట్రుకంత రొయ్యపిల్లల్ని లెక్కపెడతాను.
నీళ్ళలో ఉప్పు ముప్పై పాళ్ళుండాలి,
ఒక పాలు తగ్గినా ఓనరు అరుస్తాడు.
తెల్లారి ఇంటికొచ్చి
అదే చేత్తో
ఉప్పు లేని పప్పుకి తాలింపు వేస్తాను.

మాల్యాద్రి చీమకుర్తిలో, గ్రానైట్ లారీల కాటా దగ్గర.
రాత్రి పదకొండుకి ఫోను.
"ఏం చేస్తుండావ్?" అంటే
"నలభై రెండు టన్నులు" అంటాడు.
"రెండు కిలోల మూడొందలు" అంటాను నేను,
ఆ పూట అత్త ఒంట్లోంచి తీసిన నీళ్ళు.
పెళ్ళి చీర రంగు గురించి
మేము మాట్లాడుకున్నట్టు గుర్తు లేదు.

సుభాషిణి కాన్పుకి పోలేకపోయాను.
పాపకి ఏం పేరు పెట్టారో
వాళ్ళమ్మ సంతలో కనపడి చెప్పింది.
శుభలేఖ పంపితే
రెండు నీలి గీతలు పడ్డాయి. అంతే.
అలిగే హక్కు దానిది.
ట్యాంకులో గాలి బుడగలు రాత్రంతా గొణుగుతుంటే
దానికి చెప్పాల్సిన మాట
మొదలుపెట్టి, చెరిపి, మళ్ళీ మొదలుపెట్టి
ఫీడు టైమైపోయేది.
షంషాద్ మాత్రం
"మూడు రాత్రులు నేను చూసుకుంటా, పో మే" అంది,
అప్పటికే నా గంబూట్లలో కాళ్ళు దూర్చేసి.

అత్త పక్క మంచం ఖాజావలిది.
పామూరు బస్టాండులో గొడుగులు బాగు చేస్తాడు,
మంగళవారం, శుక్రవారం వస్తాడు.
మా గోలంతా కళ్ళు మూసుకుని విన్నాడు.
సూదులు తీసే వేళకి అన్నాడు:
"ఆ వారం నా శుక్రవారం మీరు తీసుకోండమ్మా,
మీ శనివారం నాకివ్వండి."
ఒక రోజు ఎక్కువ మొయ్యాలి ఒంట్లో నీళ్ళు.
కాళ్ళు ఉబ్బుతాయి, పడుకుంటే ఆయాసం.
వద్దంది అత్త.
"జుమ్మాకి పోయి రెండేళ్ళయింది,
నా స్వార్థం నాకుంది లే" అన్నాడు.

గాజులు తొడిగే రోజు
అత్త కుడి చెయ్యి మాత్రమే చాపింది.
ఎడమ చెయ్యి మిషనుది.
దాని మీద చెవి ఆనిస్తే
దూరాన మోటరు ఆడుతున్నట్టు రక్తం చప్పుడు.
గాజులామె ఇంకో చెయ్యి అడగబోయి, చూసి,
ఆ అర డజనూ కుడిచేతికే ఎక్కించింది.

శనివారం, కొండ మీద,
తలంబ్రాలు నా నెత్తిన పడే వేళకి
ఆయన మా అత్త మంచంలో ఉన్నాడు.
మైకులో చదివింపులు చదువుతున్నారు,
అయిదొందల పదహార్లు, వెయ్యిన్నూటపదహార్లు, స్టీలు బిందె.
ఖాజావలి, పామూరు, నాలుగు గంటలు.
ఇది ఎవరూ చదవలేదు.

సోమవారం రాత్రి డ్యూటీకి పోతే
పసుపు చేతులతో ట్యాంకు ముట్టుకోవద్దన్నారు.
షంషాద్ గ్లౌజులు తొడిగింది, రెండు జతలు, ఒకదాని మీద ఒకటి.

మంగళవారం అత్త
కొంగున లడ్డూ కట్టుకుని తీసుకుపోయింది.
ఉబ్బిన కాళ్ళు దుప్పటి కింద దాచుకుంటూ
ఖాజావలి అడిగాడు,
"పెళ్ళిభోజనంలో సాంబారుకి ఉప్పు సరిపోయిందా?"
"నన్నా అడిగేది?" అంది అత్త.
ఇద్దరూ నవ్వారు,
దాహమేసేదాకా.