తాళం కప్ప

అలెంతెజులో బస్సు దిగేసరికి పదకొండు.
సున్నం కొట్టిన గోడలు కళ్లలో గుచ్చుకుంటున్నాయి.
సంచిలో ఒక ఫిర్యాదు, ఒక కొలత టేపు,
సమానత్వ కమిషన్ ముద్ర ఉన్న గుర్తింపు కార్డు,
రెండు ఉడికించిన గుడ్లు.

ఫిర్యాదు ఒకటే పేజీ.
చెప్పింది జుల్మీరా, రాసింది ఆమె మనవడు ఎలియాస్:
"దుకాణం గుమ్మంలో పింగాణీ జంతువును పెట్టారు.
దాని పేరు మేం పలకం.
అది మా కోసమే."

మొన్న మా పై అధికారి నవ్వాడు.
"కప్ప మీద కేసా?
చట్టంలో కప్ప అన్న మాటెక్కడుంది?"
లేదు, నిజమే.
చట్టంలో గుమ్మం కూడా లేదు.
"ప్రత్యక్షంగా గానీ, పరోక్షంగా గానీ" అని ఉంది.
ఆ రెండు గానీల సందులో
ఒక కప్ప పట్టేంత చోటుంది.

జుల్మీరా వాళ్లని ఊరు సిగానులంటుంది.
వాళ్లకి కప్ప అపశకునమని
ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు.
"మీరు రావద్దు" అని బోర్డు రాస్తే నేరం.
కప్పకి అక్షరం ముక్క రాదు,
అందుకే దానికి ఉద్యోగమిచ్చారు.

"మా మేనత్త కానుకండీ, అలంకారం," అన్నాడు అర్మిందు.
మంచిదన్నాను.
వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను.
పదకొండు దుకాణాలు, ఏడు కప్పలు.
ఏడూ వీధివైపే చూస్తున్నాయి.
అలంకారమైతే ఒక్కటైనా
యజమాని మొహం చూడాలి కదా.
అర్మిందు అరల్లో సబ్బుపెట్టెల మీద
వేలితో పేరు రాసేంత దుమ్ము.
కప్ప మాత్రం పొద్దున్నే తలంటుకున్నట్టుంది.
అదీ రాసుకున్నాను.

నేను పోలీసును కాను, జడ్జీని కాను.
పది రోజుల్లో జవాబియ్యమని అడగగలను.
ఇయ్యకపోతే, ఎందుకియ్యలేదని అడగగలను.
కప్పని ముట్టుకోలేను, అది అతని ఆస్తి.
కానీ అనుమానానికి ఆధారం దొరికాక
"నా తప్పు లేదు" అని రుజువు చేసే మూటని
ఆమె నెత్తి మీంచి దించి
అతని నెత్తిన పెట్టగలను.

ఇక మొదలైంది కప్పల తక్కెడ.
అలంకారం అన్నాడు, అది గెంతింది.
దొంగతనాలు అన్నాడు, ఏ తేదీన అన్నాను, అదీ గెంతింది.
చివరికి విసుగ్గా,
"అందరూ పెట్టారు కదా, నన్నే అడుగుతారేం?"
ఆ ఒక్కటీ కదలకుండా తక్కెట్లో కూర్చుంది.

అవతలి అరుగు మీద జుల్మీరా.
"నిజంగా భయమా అమ్మా?" అడిగాను.
అడక్కుండా ఉండాల్సింది.
"భయమే. మా అమ్మ నుంచి వచ్చింది.
నా భయం నా ఇంటి సంగతి.
దాన్ని పట్టుకెళ్లి
తన గుమ్మానికి తాళం వేసుకున్నాడే, అదీ సంగతి."

తొమ్మిది నెలలకి ఉత్తర్వు వచ్చింది.
జరిమానా ఒక పాత ఫ్రిజ్ ఖరీదు.
అమలు చూసి రావడం కూడా నా పనే, వెళ్లాను.
కప్ప లేదు. అది కూర్చున్న మెట్టు మీద
గుండ్రంగా, తెల్లగా, దాని అచ్చు.
ఎలియాస్ ఆ మచ్చ మీంచి ఒక్క కప్పగంతు వేసి
లోపలికెళ్లి బూట్లకి లేసులు కొన్నాడు.
అర్మిందు చిల్లర బల్ల మీద పెట్టాడు,
పిల్లాడి చేతిలో పెట్టలేదు.
నా ఫారంలో దానికి గడి లేదు.

జుల్మీరా అరుగు దిగలేదు.
"ఇంకోరోజు చూద్దాంలే," అంది.

బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది.
వీధిలో ఇంకా ఆరున్నాయి.
కొత్త ఫారం తీసి
ఫిర్యాదుదారు పేరు అన్నచోట
"కమిషన్, తనంతట తాను" అని రాశాను.
టేపు కోసం సంచిలో చెయ్యి పెడితే
ముందు గుడ్డు తగిలింది.