లైన్ క్లియర్

నల్లబెల్లి సబ్‌స్టేషన్‌ల రాత్రి డ్యూటీ అంటే
గంటకోపారి లేచి మీటర్లు చదువుడు.
వోల్టులు, ఆంపియర్లు, ఫీడర్ పేరు, పొట్టి సంతకం.
చివరి గడి మీద 'రిమార్కులు' అని అచ్చేసి ఉంటది.
నేనొచ్చినంక ఆరేండ్లు అది ఖాళీగనే ఉన్నది.
ఇప్పుడు అండ్ల చుక్కను రాస్తున్న.

పిల్లలకోడికి ఉత్తరాన, చెయ్యి చాపితే జానెడు దూరంల
ఒక్కతే ఉన్నట్టు కనబడ్తది.
ఒక్కతి కాదు.
చిన్నది ధగధగ మండేది,
పెద్దది పొగచూరిన లాంతరు గాజు లెక్క.
నా దుర్బిణికి ఎన్నడూ విడిపోలేదు ఆ రెండు.
పెద్దది అడ్డమొచ్చినప్పుడల్ల
మూడు పాళ్ల వెలుగుల రెండు పాళ్లు పోతది.
రెండు దినాల ఇరవై గంటల నలభై తొమ్మిది నిమిషాలకు
మళ్ల అదే అడ్డం, అదే మసక.

లెక్క నేర్పింది మొగిలి సారు.
దుర్బిణీ ఆయనదే, ఎడమ కంటి అద్దంల బూజు.
"దీనికంటె ఎక్కువ వెలిగేది ఒకటి పట్టుకో,
తక్కువ వెలిగేది ఒకటి పట్టుకో,
నడుమ సందును పది మెట్లు చెయ్యి.
మనది ఎన్నో మెట్టు మీదున్నదో అదే రాయి.
ఎంత తగ్గాల్నో ముందే తలుచుకోకు,
తలుచుకుంటే కన్ను అబద్ధమాడుతది."

మంగళవారం మబ్బుల రెండుంబావుకు అడుగంటింది.
ఆ లెక్కన బేస్తారం రాత్రి పదకొండూ నాలుగుకు మళ్ల.
తొమ్మిదికి మూడో మెట్టు.
తొమ్మిదిన్నరకు నాలుగు, అయిదు నడుమ, మంచు పొర.
పదికి ఆరు.
మిరపతోటల మోటర్లు గుయ్యిమంటున్నయ్,
నా మెడ పట్టేసింది,
చుక్క దిగుతున్నది, నేను గడులు నింపుతున్న.

పదీ ఇరవైకి ఫోన్.
"రుద్రగూడెం కాడ తీగ తెగిందే, లైన్ క్లియర్ ఇయ్యి."
లైన్‌మన్ రాజీరు గొంతు, ఎనుక కుక్కల మొరుగుడు.
బ్రేకర్ తీసిన, స్విచ్ తీసిన, తాళమేసిన,
తాళంచెవి పిడికిట్ల పట్టుకున్న.
నంబరు చెప్పిన, ఆయన తిరిగి చెప్పిండు.
ఒక మనిషి చెయ్యి తీగ మీదున్నంత సేపు
ప్యానెల్ కాడికెళ్లి కదలొద్దు.
ఇది ఏ పుస్తకంల రాసున్నా లేకున్నా రూలే.

కిటికీల ట్రాన్స్‌ఫార్మర్ వీపు తప్ప ఆకాశం లేదు.
గోడ గడియారం పదకొండూ నాలుగు దాటింది.
బయట, నెత్తి మీద,
ఆ పెద్దది చిన్నదాని ముందట నిలబడే ఉంటది.
రాజీరు స్తంభం మీద ఉంటడు.
చెవి చెమటకు జారుతున్నది.

పన్నెండూ పదికి "తీగ కలిసింది, దిగిన" అన్నడు.
నేను ఉరికి బయటికొచ్చేసరికి
చుక్క అప్పటికే మెట్లెక్కుతున్నది.
చూసింది చూసినట్టు రాసిన: అయిదు.
నడుమ గడి ఇడిచిపెట్టిన.
అటు ఆరు, ఇటు అయిదు,
నడుమ అంకె ఎంతుంటదో నాకు తెలుసు,
పట్టిక చూసే ఎవలికైనా తెలుసు.
అయినా రాయలే.

తొంభై ఏండ్ల కింద బయలెల్లిన మసకట అది.
అప్పుడు నిజాం జమాన. మా ఊర్ల ఒక్క బల్బు లేదు,
తీగ లేదు, తెగుడు లేదు.
అప్పటి చీకటి ఇంత దూరం నడిచొచ్చి
వాకిట్ల నిలబడి పిలిస్తే
నేను లోపల తాళంచెవి పట్టుకొని కూసున్న.

ఆదివారం రాత్రి ఎనిమిది కాంగ మళ్ల దిగింది.
రాజీరు లైన్ క్లియర్ కాగితం మీద సంతకం బాకీ ఉండె,
పెట్టనీకి వచ్చి నా పక్కన నిలబడ్డడు.
"ఏం చూస్తున్నవ్?"
చూపిచ్చిన. రెండు పాళ్లు పోయిందని చెప్పిన.
చాన సేపు మెడ ఎత్తి చూసిండు.
"రెండు ఫేజులు కొట్టేసినయ్‌గ," అన్నడు.
"ఎవలన్న ఎక్కిండ్రా దానికి?"

నవ్వలేదు నేను.
పెన్ను ఆయనకే ఇచ్చిన.
రిమార్కుల గడిల, వంకర అక్షరాలతోని
రాజీరు రాసిండు:
7-50. తొమ్మిదో మెట్టు. ఇద్దరం చూసినం.